సముద్రానికి చీరల కంచె

నల్లపాడు

ఒంగోలు అవతల సముద్రంలో ఒక సరుకుల ఓడ తుఫానుకి కొట్టుకొచ్చి ఇసుకమేట ఎక్కి కూర్చుందని తెలిసిన రోజు నుంచి మా నల్లపాడులో అందరూ నౌకాశాస్త్ర పండితులైపోయారు. స్టేషను పక్క టీ బంకు దగ్గర పొద్దున్నే సభ. ఓడని వెనక్కి లాగాలా, పక్కకి లాగాలా అన్నదాని మీద రెండు పార్టీలు. పత్తి లారీ దిగబడితే ట్రాక్టరు కట్టి లాగిన అనుభవం తప్ప వీళ్లలో ఒక్కరికీ నీటి మీద నడిచేది ఏదీ తెలియదు. నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను కాబట్టి సముద్రాలన్నీ నా పాఠంలోనే ఉన్నాయని నన్ను మధ్యవర్తిగా కూర్చోబెట్టారు. నేనూ తగ్గకుండా తీర్పులిచ్చాను.

ఇంతలో క్రిస్మస్ సెలవులిచ్చారు. దర్శి నుంచి మా అక్క సుగుణ ఫోన్ చేసింది.

"మీ బావకి ఆ ఓడ దగ్గర పని తగిలిందిరా. గవర్నమెంటు పని."

మా బావ రత్నానికి దర్శిలో టెంటు హౌసు ఉంది. పెళ్లిళ్లకీ, ప్రార్థన కూటాలకీ, నాయకుల సభలకీ పందిళ్లు వేస్తాడు. ఓడని లాగడానికి పందిరి ఎందుకో నాకు అంతుపట్టలేదు.

"పందిరి కాదు. ఓడని లాగేదాకా చుట్టూ సేఫ్టీ జోన్ కట్టాలంట. ఆ హడావుడిలో పాత చీరల మూటతో పాటు నా ఎర్ర మంగళగిరి చీర కూడా పట్టుకుపోయాడు. నువ్వు ఎట్టాగూ ఓడ చూడటానికి పోతావుగా, అది తెచ్చిపెట్టు."

సేఫ్టీ జోన్‌కీ పాత చీరలకీ చుట్టరికం ఏమిటని అడిగేలోపు ఫోన్ పెట్టేసింది. మర్నాడు రైలెక్కాను.

నరసరావుపేట దాటేసరికి కిటికీకి రెండు వైపులా పత్తి పగిలి చేలు తెల్లగా ఉన్నాయి. మధ్యమధ్య మిరప ఇంకా పచ్చగా ఉంది. ఎదురు సీటులో పురుగుమందు డబ్బాల సంచి ఒళ్లో పెట్టుకున్న పెద్దాయన నేను ఎక్కడికి పోతున్నానో అడిగాడు. ఓడ సంగతి చెప్పాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "దాంట్లో మిరపకాయలేమన్నా ఉన్నయ్యా?" అన్నాడు. లేవనుకుంటానన్నాను. "ఉంటే బాగుండు. సగం మునిగినా మనకి రేటు పెరిగేది," అని నిట్టూర్చి వినుకొండలో దిగిపోయాడు. నేను కురిచేడులో దిగి ఆటో పట్టుకున్నాను.

దర్శి

బావ ఆ పూట ఇంట్లోనే ఉన్నాడు. ఓడ దగ్గర పని ముగించి, మిరపతోట చూసుకోవడానికి వచ్చాడు. అక్క గోంగూర రొయ్యలు వండింది. దర్శిలో రొయ్యలు గుంటూరు కంటే ప్రియం, పైగా చిన్నవి. అయినా ఆ మాట అక్క వంటింట్లో అనేంత ధైర్యం నాకు లేదు.

అన్నం తిన్నాక బావ నన్ను తోటకి తీసుకెళ్లాడు. మిరప చుట్టూ నాలుగు సాళ్లు మొక్కజొన్న, దాని చుట్టూ కర్రలు పాతి వరసగా పాత చీరలు. అడవిపందులు రాకుండా ఆ చుట్టుపక్కల రైతులంతా ఇలాగే కడతారు. గాలికి చీరలు ఊగుతుంటే లోపల మనుషులున్నారని పందులు జడుసుకుంటాయట. చీరలు చూడగానే నాకు అనుమానం వచ్చింది.

"బావా, సముద్రానికి కూడా ఇదే కట్టావా?"

"మరి? జోన్ కట్టమన్నారు, కట్టా. పందే ఆగితే మనిషి ఆగడా?" అన్నాడు బావ. ఆ ముఖంలో ఎంత గర్వమంటే, నేను నవ్వు మింగుకోవలసి వచ్చింది.

తోట సాగరు కాలువకి చిట్టచివర ఉంది. నీళ్లు వంతులవారీగా వదులుతారు. పైనున్న రైతులు తూములు ఎత్తేసుకుంటే చివరివాళ్లకి బురద మిగులుతుంది. పోయిన ఏడు బావ వంతు అలాగే పోయింది. ఆ కథ నాకు కంఠతా వచ్చు, అయినా మళ్లీ విన్నాను.

"వంతు పోయిందంటే పంట పోయినట్టేరా. ఎదుటోడి వంతు కొట్టేసినోడు వాడి అన్నం కొట్టేసినట్టే. అట్టాంటోణ్ణి దేవుడు కూడా క్షమించడు," అని బావ మట్టి పిడికిట్లోకి తీసుకుని పిండాడు. ఆయన కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి. నాకూ పాపం అనిపించింది.

పాలెం

మర్నాడు బావ టెంటు హౌసు వ్యానులో బయలుదేరాం. చీమకుర్తి దగ్గర రాతిదుమ్ము మింగాం, ఒంగోలులో ఇడ్లీ తిన్నాం. అక్కణ్నుంచి సముద్రం వైపు తిరిగాక వచ్చే ఒక పాలెంలో ఆగాం. దాని పేరు రాయను. ఆ ఊరికి ఇప్పటికే కావలసినంత పేరొచ్చింది.

ఓడ తీరానికి బాగా దూరంలో, ఒక పక్కకి వాలి ఉంది. దూరం నుంచి చూస్తే అలిగి పడుకున్న గేదెలా ఉంది. దాన్ని లాగడానికి వచ్చిన టగ్గు పొట్టిది, కాని గుండె నిబ్బరం ఉన్నదానిలా అటూ ఇటూ తిరుగుతోంది. ఇక ఇవతల, ఒడ్డు మీద, రెండు ఫర్లాంగుల పొడవున సరుగుడు కర్రలు పాతి, వాటికి చీరలు. నైలెక్సు, వాయిలు, పూలవి, చుక్కలవి, ఎవరి పెళ్లిలోనో పెట్టినవి. అక్కడక్కడా అట్టముక్క మీద 'సేఫ్టీ జోన్, లోనికి రాకూడదు' అని రాసి ఉంది. ఓడని చూడటానికి వచ్చిన ఆడవాళ్లు ముందు చీరల అంచులు పట్టి చూసి, తర్వాత ఓడ వైపు తిరుగుతున్నారు. ఒకావిడ నన్ను సేల్స్‌మన్ అనుకుని జత ఎంతని అడిగింది.

అంగళ్లు వెలిశాయి. మా నల్లపాడులో పది రూపాయలకి పొట్లం నిండా వచ్చే మరమరాల మిక్చరు ఇక్కడ ముప్పై, అదీ ఇసుకతో కలిపి. బజ్జీల బండివాడు బోర్డు మీద ఓడ బొమ్మ వేయించుకున్నాడు.

ఓడని లాగే కంపెనీ ఇంజినీరు ఒకాయన ఒడ్డు మీద వాకీటాకీతో ఉన్నాడు. మలయాళీ, తెలుగు బాగానే వచ్చు. బావ కంచెని చూసి ఆయన తల పట్టుకున్నాడు.

"రత్నంగారూ, జోన్ అంటే సముద్రంలో అండి. ఓడ చుట్టూ, టగ్గు చుట్టూ. లాగేటప్పుడు ఉక్కు తాడు బిగుస్తుంది. తెగిందంటే దారిలో ఏముంటే దాన్ని రెండు ముక్కలు చేస్తుంది. పడవలు దగ్గరికి రాకుండా నీళ్ల మీద తేలే గుర్తులు, బోయలు వేయమన్నాం. మీరు ఒడ్డుకి కట్టారు."

"సముద్రంలో కర్ర పాతితే నిలబడదు కదండీ," అన్నాడు బావ.

ఇంజినీరు వాకీటాకీ పక్కన పెట్టాడు. ఆయన పైవాళ్లకి ఫోన్ చేశాడు. పైవాళ్లు కంచె ఫొటోలు చూసి, జోన్ కట్టడం పూర్తయినట్టు అంతకుముందే పైపైవాళ్లకి చెప్పేశామన్నారు. కాబట్టి అది పూర్తయింది.

కంచె మధ్యలో అక్క చీర కనిపించింది. పండుమిరప రంగు, బంగారు అంచు. విప్పబోతే బావ చెయ్యి పట్టుకున్నాడు. "ఆర్డరు వచ్చేదాకా ఒక్కటి కూడా తియ్యకూడదు. మధ్యలోది తీస్తే జోన్ తెగిద్ది."

పక్కనే కూర్చుని వల బాగుచేసుకుంటున్న ఒకామె పెద్దగా నవ్వింది. "ఏందయ్యా, నీ చీరకి కూడా పెర్మిషన్ లేదా?"

ఆమె పేరు పోలమ్మ. ఎండకి కాలిన ముఖం, గాజుల మోత, గొంతు పెద్దది. అది మా అక్క చీరని చెప్పాను. మాటల్లో పడ్డాం. ఆమె, మొగుడు కొండయ్య కలిసి ఒక అలివి వల నడుపుతున్నారు. పడవ వల ఒక కొసని సముద్రంలోకి తీసుకెళ్లి, చుట్టు తిప్పి మళ్లీ ఒడ్డుకి తెస్తుంది. రెండు కొసల దగ్గరా పాతికమంది చొప్పున నిలబడి లాగుతారు. ఆ ఊళ్లో అలా లాగడానికి పనికొచ్చే చోటు ఒక్కటే. దానికి ఒక పక్క రాళ్లు, రెండో పక్క వాగు సముద్రంలో కలిసే మొగ. అందుకని వంతులు. ఒక్కో వలకి ఒక్కో రోజు, పొద్దు పొడిచిన దగ్గర్నుంచి పొద్దు గుంకేదాకా. వలలు పాతిక పైనే ఉన్నాయి. ఒకసారి పోతే మళ్లీ వంతు వచ్చేసరికి చేపల రోజులు అయిపోతాయి.

"మా వంతు ఎల్లుండి," అంది పోలమ్మ. "రేపు ఓడ పోద్దంటగా. పోతే మా చోటు మాకు. లేకపోతే ఈ ఏడు మాకు, మాతో లాగే యాభై మందికీ మన్నే."

బావ కట్టిన కంచె సరిగ్గా ఆ చోటు మీదే ఉంది. ఆయన ఆ మాట విననట్టు అట్టముక్కలు సరిచేస్తున్నాడు.

ఫొటో

మర్నాడు పున్నమి పోటు. ఓడ కిందకి నీళ్లు బాగా చేరతాయి, అప్పుడే లాగాలి. తాడు బిగించారు. టగ్గు పొగ వదిలింది.

సరిగ్గా అప్పుడు ఒక నాయకుడు వచ్చాడు. కార్లు ఆరో ఏడో. కంచె దగ్గర కాపలా ఉన్న కానిస్టేబులు పరిగెత్తుకెళ్లి చీర పైకెత్తి పట్టుకుంటే ఆయన వంగి దాని కింద నుంచి వచ్చాడు. గాలికి పచ్చ నైలెక్సు ఆయన తల మీద పడి, కాసేపు కొత్త పెళ్లికూతురులా కనిపించాడు. నవ్వినవాళ్ల వైపు ఆయన మనుషులు గుర్రుగా చూశారు. ఓడ వెనకాల కనబడేట్టు ఫొటో తీయించుకున్నాడు. ఓడ చిన్నదిగా పడుతోందన్నాడు. పడవ తెప్పించారు. మూడు రోజులుగా ఒక్క పల్లెమనిషిని కూడా నీళ్లలో కాలు పెట్టనివ్వని కానిస్టేబులే పడవని నెట్టాడు.

పడవ తిన్నగా తాడు వైపే పోయింది. ఇంజినీరు వాకీటాకీలో మలయాళంలో అరిచిన అరుపులు నాకు అర్థం కాలేదు, కాని భావం తెలిసింది. టగ్గు ఆగిపోయింది. నాయకుడు అటు తిరిగి ఒకటి, ఇటు తిరిగి ఒకటి, చెయ్యి ఊపుతూ ఒకటి, ఫొటోలు అయ్యేసరికి పోటు దిగిపోయింది. ఓడ కదల్లేదు. ఇక రేపు పొద్దున పోటుకే అన్నారు.

రేపు అంటే పోలమ్మ వంతు. నాకైతే ఒళ్లు మండిపోయింది.

తగువు

సాయంత్రం పాలెం పెద్దలు రామమందిరం అరుగు మీద కూర్చున్నారు. ఆ ఊరి కట్టుబాటు ఇదీ: సముద్రం పొంగి వల వేయలేకపోతే వంతు పోదు, మర్నాటికి జరుగుతుంది. మనిషి వల్ల ఆగితే మాత్రం పోయినట్టే. ఒంట్లో బాగోకపోయినా, పడవ చెడినా, చావొచ్చినా అంతే. ఒకరికి జరిపితే వెనకవాళ్లందరికీ జరపాలి కదా.

"ఓడని తోలుకొచ్చింది తుఫాను. తుఫాను సముద్రానిది. మా వంతు జరపండి," అన్నాడు కొండయ్య.

తర్వాతి వంతు ఏడుకొండలు అనే ఆయనది. ఆయన లేచాడు. "ఓడ సముద్రానిదే, కాదనను. మరి చీరలో? చీరలు దర్శివి. దర్శి సముద్రంలో ఉందా?"

అందరూ నా వైపు చూశారు. దర్శి తరఫున నేను తల వంచుకున్నాను. మా స్కూలు స్టాఫ్ మీటింగుల్లో ఇంత పదునైన వాదన నేను వినలేదు. పెద్దల్లోకల్లా పెద్దాయన గడ్డం గోక్కుని, "పొద్దు గుంకేలోపు వల నీళ్లు ముడితే వంతు వంతే. ముట్టకపోతే పోయినట్టు," అని లేచిపోయాడు.

అంతకుముందే బావకి ఫోన్ వచ్చింది. కాలువకి నీళ్లు వదిలారు, తెల్లారితే ఆయన వంతు. ఆయన వ్యాను దగ్గరికి పరిగెత్తి, విజిలు తీసి నా మెడలో వేశాడు. "ఆర్డరు వచ్చేదాకా ఒక్క చీర ఊడకుండా చూడు. నేను నీళ్లు కట్టుకుని వస్తా. నా వంతు పోకూడదురా."

"బావా, ఇక్కడ పోలమ్మ వంతు..."

"అది వాళ్లు వాళ్లు చూసుకుంటార్లే," అని వ్యాను ఎక్కాడు.

ఖాళీ సముద్రం

పొద్దున పోటుకి టగ్గు మళ్లీ లాగింది. కాసేపటికి తుపాకి పేలినట్టు చప్పుడు. ఇసుకలో నిలబడ్డవాళ్లం ఇసుకలోనే బోర్లా పడ్డాం. తాడు తెగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అంతా సేఫ్ అని కానిస్టేబులు వాకీటాకీలో విని చెప్పాడు. అందరం స్తోత్రం చెప్పుకున్నాం. తెగిన ముక్క ఎక్కడ పడిందని ఒక్కరం కూడా అడగలేదు.

రెండో తాడు కట్టారు. ఎండ బాగా ఎక్కకముందే ఓడ మూలిగి, కదిలి, టగ్గు వెనకాల బుద్ధిగా వెళ్లిపోయింది. దాంతో పాటు ఇంజినీరూ, జనమూ, బజ్జీల బండీ వెళ్లిపోయాయి. సముద్రం ఖాళీ అయింది. జోన్ మాత్రం మిగిలింది.

"ఓడ లేదుగా. తియ్యొచ్చుగా?" అన్నాను కానిస్టేబులుతో.

"కట్టమని ఆర్డరుందండి. తియ్యమని రాలా," అన్నాడు. అతను చెడ్డవాడు కాదు. నాలుగు ఫోన్లు చేశాడు. ఒకరు భోజనానికి వెళ్లారు, ఒకరు సెలవులో ఉన్నారు, మూడోవారు నాలుగోవారిని అడగమన్నారు. నాలుగోవారు మొదటివారిని అడగమన్నారు. నేను బావకి చేశాను. గట్టు మీద ఉన్నాడు. "నీళ్లు ఇంకా రాలేదురా, పైనోళ్లు తూములెత్తారు, దొంగనాయాళ్లు," అని పెట్టేశాడు.

యాభై మంది మోకుల దగ్గర కూర్చుని ఎదురుచూస్తున్నారు. వల పడవలో సిద్ధంగా ఉంది. ఎండ పడమటికి వాలింది. ఓడ లేని సముద్రానికి చీరల అడ్డం, దానికి విజిలు వేసుకున్న నేను కాపలా. నా జన్మలో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు.

ఇక పోలమ్మ లేచింది. వెనకే పది పదిహేనుమంది ఆడవాళ్లు. తిన్నగా కంచె దగ్గరికి వచ్చి మొదటి చీర ముడి విప్పి, దులిపి, మడత పెట్టడం మొదలుపెట్టింది.

"ఏందమ్మా అది? జోన్ తియ్యకూడదు," అన్నాడు కానిస్టేబులు.

"జోన్ జోలికి మేమెందుకు పోతాం? కర్రలు ఎక్కడియ్యి అక్కడే ఉన్నయ్యి చూసుకో. పొద్దు వాలింది, మంచు పడిద్ది. ఆరేసిన బట్టలు తీస్తన్నాం. మీ ఇంట్లో తియ్యరా?"

కానిస్టేబులు ఆలోచించాడు. అతనికి ఇచ్చిన ఆదేశాల్లో బట్టల ప్రస్తావన ఎక్కడా లేదు. నా వైపు చూశాడు. నేను విజిలు తీసి జేబులో వేసుకున్నాను. ఆఖరికి నడిమిన మిగిలిన అక్క చీర ముడి విప్పడానికి చెయ్యి వేశాను గాని, బావ టెంటు హౌసు ముడి నా వల్ల కాలేదు. పోలమ్మే విప్పి, నా మీదకి విసిరింది.

పొద్దు ఇంకా బెత్తెడు ఉండగా వల నీళ్లు ముట్టింది.

వంతు

పడవ చుట్టు తిరిగి వచ్చింది. రెండు మోకులు పట్టుకుని లాగుడు మొదలైంది. నేనూ పట్టుకున్నాను, అరచేతులు మండిపోయాయి. వల సగం దూరం వచ్చింది. బరువుగా ఉందనీ, చేప గట్టిగానే పడిందనీ కొండయ్య కేకేశాడు. పోలమ్మ ముఖం వెలిగిపోయింది.

అంతలో వల ఆగిపోయింది. ఎంత లాగినా రాలేదు. ఇంకా లాగితే చిరుగుతున్న చప్పుడు ఒడ్డుకి వినపడింది. కొండయ్య ఈదుకుంటూ వెళ్లి మునిగాడు. పైకి తేలి, చెయ్యి ఎత్తి చూపించాడు. అరచెయ్యి చీరుకుపోయి నెత్తురు కారుతోంది.

"ఉక్కుతాడే. పొద్దున తెగిన ముక్క. అడుగున చుట్టలు పడి ఉంది."

వల ఒడ్డుకి చేరింది. చేపలు నిలవవలసిన నడిమి సంచి నిలువునా చిరిగిపోయి, అందులో గుప్పెడు కవళ్ల చేపలు, ఒక పీత మిగిలాయి. నాలుగు రోజులు మనుషుల్ని ఇసుక మీద నడవకుండా కాపలా కాశాం. సముద్రం అడుగున పడ్డదానికి మాత్రం ఎవరం కాపలా లేము.

పెద్దాయన వచ్చి చూశాడు. ఆయనకీ బాధగానే ఉంది. అయినా కట్టుబాటు కట్టుబాటే. "వల నీళ్లు ముట్టింది. వంతు అయిపోయింది. రేపు ఏడుకొండలుది," అన్నాడు.

పోలమ్మ ఏడవలేదు. చిరిగిన వల మీద కూర్చుని ఓడవాళ్లనీ, నాయకుణ్ణీ, దర్శినీ వరసగా తిట్టింది. నేను అన్నీ తలవంచుకుని విన్నాను, దర్శి వంతు వచ్చినప్పుడు ఇంకొంచెం ఎక్కువ వంచాను.

"రేపు ఏడుకొండలు వల గూడా అక్కడే పట్టుద్ది," అన్నాడు కొండయ్య, చేతికి గుడ్డ చుట్టుకుంటూ.

"పట్టనీ. దర్శి సముద్రంలో ఉందా అన్నాడుగా," అంది పోలమ్మ.

తర్వాత నా సంచి వైపు చెయ్యి చాపింది.

"మేష్టారూ, మీ అక్క చీర ఇటియ్యి. మిగతా అన్నీ వెలిసిపోయినయ్యి, నీళ్ల మీద ఆనవు. అదైతే దూరానికి కనపడుద్ది."

ఇచ్చాను. అవతల నిలబడి ఇదంతా విన్న ఏడుకొండలు ఇంటికి వెళ్లి తన పెద్ద వెదురుగెడ తెచ్చాడు. దాని కింద ఇసుక మూట కట్టి, నడిమిన ఖాళీ డబ్బాలు కట్టి, పైన చీర కట్టి, కొండయ్యా అతనూ కలిసి పడవ మీద తీసుకెళ్లి ఆ తాడు పడ్డచోట దింపారు. గెడ నిలబడింది. సముద్రంలో నిలబడదని మా బావ చెప్పిన గెడ.

మళ్లీ దర్శి

ఇంటికి వచ్చేసరికి బావ అరుగు మీద కూర్చుని పైరైతుల్ని శపిస్తున్నాడు. నీళ్లు ఆయన దాకా రాలేదు, వంతు పోయింది. ఎదుటోడి వంతు కొట్టేసినోళ్లకి పుట్టగతులుండవన్నాడు. నేను చీరల మూట ఆయన ముందు దింపి, పాలెంలో జరిగిందంతా ఒక్కటి వదలకుండా చెప్పాను. ఆయన కాళ్లకంటిన మట్టి గోకి తీసుకోవడం మొదలుపెట్టాడు.

అంతలో ఆయన ఫోన్ మోగింది. ఓడ వెళ్లిపోయినందువల్ల సేఫ్టీ జోన్ తక్షణం తొలగించాలని ఆర్డరు వచ్చిందట.

"ఇప్పుడు పోయి విప్పాలంటరా," అన్నాడు బావ నీరసంగా.

అక్క వంటింట్లోంచి గరిటె పట్టుకుని వచ్చింది.

"అక్కడ ఇంక ఒక్కటేగా ఉంది," అంది. "దాన్ని మాత్రం ముట్టుకోమాకు."